కుంట ఒడ్డున ఇల్లు కొన్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, అల్లుడు గారికి ఆశీస్సులు.

మీరు టాంపాకు ఉత్తరాన వెస్లీ ఛాపెల్‌లో ఇల్లు కొన్నారనీ, పెరడు దిగితే నీరేననీ అక్కయ్య ఫోనులో చెప్పగానే ఎంతో సంతోషించాను. న్యూజెర్సీ నుంచి మూడేళ్ల బాబుతోను, కుక్కపిల్లతోను మీరు అక్కడికి చేరేలోగా ఆ నీటి గురించీ, అందులో ఉండగల ఎలిగేటర్ల (మొసలి వంటి జంతువుల) గురించీ కొన్ని సంగతులు మీకు తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. చాలా ఏళ్లుగా ఫ్లోరిడాలో ఇటువంటి నీటి పక్కనే కాపురం ఉంటున్నవాణ్ణి కనుక, ఇది మీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఇల్లు అమ్మినవారు దాన్ని లేక్ అని చెప్పి, ఆ దృశ్యానికి కొంత ధర అదనంగా కట్టి ఉంటారు. చాలా కాలనీలలో అది వాననీటిని నిలపడానికి తవ్విన కుంట. ఇక్కడి నేల పల్లం కాబట్టి, ఇళ్లు, రోడ్ల మీద పడిన వాననీరు ఒక్కసారిగా వాగుల్లోకి పోకుండా కాలనీ కట్టేవారు దాన్ని కొంతకాలం ఆపి ఉంచాలి. అలా తవ్విన మట్టితోనే ఇళ్ల కింద మెరక పోస్తారు. ఈ కుంటలు గొట్టాల ద్వారా, కాలువల ద్వారా ఒకదానితో ఒకటి, చివరికి చిత్తడి నేలలతో కలిసి ఉండటం సాధారణం. అందువల్ల నిన్న ఏమీ లేని నీటిలో ఈ రోజు ఎలిగేటర్ ఉండవచ్చు. ఒకదాన్ని పట్టుకుపోతే ఆ చోటికి మరొకటి రావచ్చు. 1967లో అంతరించిపోతున్న జీవుల జాబితాకెక్కిన ఈ జాతి, 1987 నాటికి పూర్తిగా కోలుకుందని ప్రభుత్వం ప్రకటించింది. నేడు రాష్ట్రంలోని 67 కౌంటీలన్నింటిలోనూ కలిపి సుమారు 13 లక్షల ఎలిగేటర్లు ఉన్నాయని అంచనా. హెచ్చరిక బోర్డు ఉన్నా లేకపోయినా, మీ కుంటలో ఒకటి ఉందనే లెక్కతోనే మెలగండి.

ఇది చదివి భయపడనక్కరలేదు. రెండు కోట్లకు పైగా జనం ఉన్న ఈ రాష్ట్రంలో, ఎవరూ కవ్వించకుండానే ఎలిగేటర్ కరిచి వైద్యం అవసరమైన సంఘటనలు ఏడాదికి సగటున ఎనిమిది మాత్రమే. ఎలిగేటర్లకు సహజంగా మనుషులంటే బెదురు ఎక్కువ. అయితే నీటి అంచున దానికి స్థానబలిమి ఉంది: కళ్లూ ముక్కుపుటాలూ తప్ప ఏమీ కనిపించనీయకుండా పొంచి ఉంటుంది, దగ్గరలో ఉన్నదాన్ని క్షణంలో అందుకుంటుంది. 2016 జూన్‌లో డిస్నీ రిసార్టు ఒకదాని దగ్గర, రాత్రివేళ మడుగు అంచున లోతులేని నీటిలో ఉన్న రెండేళ్ల బాలుణ్ణి ఎలిగేటర్ లాక్కుపోయింది. 2023 ఫిబ్రవరిలో ఫోర్ట్ పియర్స్‌లోని ఒక కాలనీలో కుంట పక్కన కుక్కను నడిపిస్తున్న 85 ఏళ్ల పెద్దావిడ పగటిపూటే ప్రాణాలు కోల్పోయింది. రెండు చోట్లా ఎవరూ ఈతకు దిగలేదు. ఈత కొట్టకపోతే చాలుననుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కాబట్టి బాబు పెరట్లో ఆడుకుంటున్నప్పుడు మీలో ఒకరు వాడికీ నీటికీ మధ్య ఉండాలి; కిటికీలోంచి చూస్తున్నాం కదా అనుకుంటే సరిపోదు. బంతి నీటిలో పడితే ఆ బంతి పోయినట్టే. దాని కోసం ఒడ్డున వంగి చేయి చాపకండి, వాడికీ అదే నేర్పండి. ఎలిగేటర్ సహజంగా వేటాడే జంతువుల పరిమాణమే కుక్కపిల్లది కూడా కాబట్టి, దాన్ని కుంట గట్టు మీద నడిపించకండి, నీరు తాగనివ్వకండి. దాని తాడును మణికట్టుకు చుట్టుకోకుండా పొట్టిగా చేత్తో పట్టుకోండి; ఎప్పుడైనా వదిలేయవలసి వస్తే వదిలేయగలగాలి.

అన్నింటికన్నా నొక్కి చెప్పదలచింది మేత గురించి. మిగిలిన అన్నం పారేయకుండా ఏదో ఒక ప్రాణికి పెట్టడం మన ఇళ్లలో పుణ్యమని నేర్చుకున్నాం. ఆ అలవాటు మంచిదే, కానీ ఈ కుంట దగ్గర వద్దు. ఎలిగేటర్‌కు మేత వేయడం ఫ్లోరిడాలో నేరం. బాతులకు బ్రెడ్డు, తాబేళ్లకు మరమరాలు వేసినా, చేపలు శుభ్రం చేసి పొట్టూ ముళ్లూ నీటిలో పారేసినా, వాటి వెంట అదీ ఒడ్డుకు చేరుతుంది. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని ఒకసారి అలవాటు పడ్డాక దాని బెదురు పోతుంది. అది మన వైపే ఈదుకుంటూ వస్తుంది. నాలుగడుగులు, అంతకు మించి పొడవుండి ప్రమాదకరమని తేలిన ఎలిగేటర్‌ను పట్టుకున్నాక సాధారణంగా చంపేస్తారు. దూరాన వదిలినా అవి పాత చోటికే తిరిగి వస్తుంటాయి కనుక తరలించరు. మేత వేసినవారి జాలి చివరికి దాని ప్రాణం తీస్తుంది, అంతకన్నా ముందు పక్కింటి పిల్లవాడికి ముప్పు తెస్తుంది.

అక్కయ్య, బావగారు వేసవికి వస్తున్నారని విన్నాను. తెల్లవారుజామునా చీకటి పడే వేళా నడవడం వారికి అలవాటు. ఎలిగేటర్లు చురుకుగా తిరిగేది సంజె నుంచి తెల్లవారేదాకా. పొద్దెక్కాక, కాలనీ రోడ్డు మీదనే నడవమని చెప్పండి. అక్కయ్య కార్తీకం దాకా ఉంటే అరటి దొప్పలో దీపం వదలడానికి తప్పక ముచ్చటపడుతుంది. దానికీ, వినాయక నిమజ్జనానికీ, సద్దుల బతుకమ్మకీ పెద్ద తొట్టిలో నీళ్లు నింపి పెరట్లోనే, నీటికి దూరంగా ఏర్పాటు చేయండి. మసక చీకట్లో పిల్లాపాపలతో గుంపుగా నీటి అంచున వంగడం కన్నా ప్రమాదకరమైన పని ఈ కుంట దగ్గర మరొకటి నాకు తోచడం లేదు. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడకండి. ఈ ఉత్తరం చూపించి మామయ్య మాటగా చెప్పండి.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు జోడు కట్టే కాలం కాబట్టి అవి ఒక నీటి నుంచి మరో నీటికి నేల మీదుగా తిరుగుతుంటాయి. జూన్ చివర, జూలై మొదట్లో ఆడది గడ్డీ ఆకులూ పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెడుతుంది. ఆగస్టు నడిమి నుంచి పిల్లలు బయటికి వస్తాయి. పసుపుపచ్చ చారలతో ముద్దుగా కనిపించే ఆ పిల్లల దగ్గర తల్లి తప్పక ఉంటుంది. చలి రోజుల్లో తిండి తగ్గించే మాట నిజమే గానీ, ఫోర్ట్ పియర్స్ విషాదం ఫిబ్రవరిలోనే జరిగిందని మరచిపోవద్దు.

ఇంటికి కంచె వేయించండి, కానీ అవి కంచెలు ఎక్కగలవని కూడా తెలుసుకోండి. గరాజ్ తలుపు తెరిచి ఉంచకండి, పొద్దున్నే ఈతకొలనులో దిగే ముందు ఒకసారి పరికించండి. తుపాను వచ్చి వీధిలో నీరు నిలిస్తే, చీలమండ లోతే అయినా అందులో నడవకండి.

ఒడ్డున ఎండ కాగుతున్నది ఎదురైతే నెమ్మదిగా వెనక్కు తగ్గండి. అది బుస కొట్టిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. వంకర టింకరగా పరుగెత్తాలని ఎవరైనా చెబితే నమ్మకండి, తిన్నగా దూరంగా పోవడమే మేలు. పట్టుకుంటే మాత్రం చేతనైనంత బలంగా కళ్ల మీద, ముక్కు మీద కొట్టండి. గాయం చిన్నదైనా ఆసుపత్రికి వెళ్లండి, చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

రాష్ట్ర వన్యప్రాణి శాఖవారి ఎలిగేటర్ల ఫోను నంబరు 866-392-4286 మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. నీటి మధ్య తన దారిన తాను పోయే చిన్నదాన్ని చూసి ఫోను చేయకండి. మనిషిని చూసి దగ్గరికి వస్తున్నా, గుమ్మం ముందు పడుకున్నా ఆలస్యం చేయకండి. కుంట హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వారి ఆస్తి అయితే వారి అనుమతి లేకుండా పట్టేవారు రాలేరు, కనుక చేరిన వారంలోనే ఆ ఆఫీసుకు వెళ్లి అనుమతి ఎవరిస్తారో కనుక్కొని, హెచ్చరిక బోర్డు లేకపోతే పెట్టించమని రాతపూర్వకంగా అడగండి. ఆ అర్జీ రాయడానికి నా సాయం కావాలంటే ఫోను చెయ్యి తల్లీ, ఇద్దరం కలిసి రాద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య