సర్వీసులో ప్రతిసారీ ఇంజెక్టర్ క్లీనర్ పోయించమంటున్నారు. పోయించాలా?

అవసరం లేదు. ఇంజన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే భాగం ఇంజెక్టర్, దాన్ని కడగడానికని ట్యాంకులో పోసే మందే ఈ క్లీనర్. ఆ సీసాలో ఉన్నదంతా ఉత్త నీళ్లని నేను అనడం లేదు. కొన్నింటిలో మంచి మందే ఉంటుంది. మీ కారుకు ఆ మందు కావాలని తేల్చింది ఎవరు, ఏం చూసి తేల్చారు అన్నదే నా గొడవ.

పోయిన వానాకాలంలో గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే మంగళగిరి దాటాక నా కారు కుదుపులు మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఎవరో వెనక్కి లాగుతున్నట్లు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతూ. చెక్ ఇంజన్ దీపం వెలిగి ఆరుతూ ఉంది. దారిలో ఉన్న ఒక సర్వీసు సెంటర్‌లోకి తిప్పాను. అక్కడి అబ్బాయి బానెట్ కూడా ఎత్తలేదు.

“కార్బన్ పట్టేసింది సార్. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ట్యాంకులో ఒక సీసా. అన్నీ కలిపి ప్యాకేజీ ఉంది.”

“లోపం కోడ్ చదివే స్కానర్ పెట్టి చూశారా?”

“ఇన్ని కిలోమీటర్లు తిరిగాక అందరికీ ఇదే సార్.”

జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా ఊళ్లో అందరికీ ఒకే మాత్ర రాసే వైద్యుడి దగ్గర కూర్చోవలసిన పని నాకు లేదు. బండిని మెల్లగా ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. అక్కడ నాకు ఎంతోకాలంగా తెలిసిన మెకానిక్ ఉన్నాడు, పెద్దాయన. స్కానర్ తగిలించగానే పి0302 అని కోడ్ వచ్చింది.

“రెండో సిలిండర్‌లో మంట సరిగా పడటం లేదు మాస్టారూ.”

“ఇంజెక్టర్ మూసుకుపోయిందా బాబాయ్?”

“కావచ్చు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు. ఊహించడం ఎందుకు, మార్చి చూద్దాం.”

రెండో సిలిండర్ ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ తీసి మూడో దానికి పెట్టాడు, మూడో దాన్ని రెండో దానికి. కోడ్ చెరిపేసి ఇంజన్‌ను కాసేపు నడిపించి మళ్లీ చూశాడు. ఈసారి పి0303, అంటే మూడో సిలిండర్. “చూశారా, రోగం కాయిల్‌తో పాటే నడిచి వెళ్లింది” అన్నాడు. కాయిల్ కింది రబ్బరు గొట్టం పగిలి ఉంది. కొత్త కాయిల్ వేయగానే కుదుపులు పోయాయి. ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా ఆ రబ్బరు అతుక్కునేది కాదు. పైగా ఆ దీపం మినుకుమంటున్నదంటే మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తోందని అర్థం. సీసా పోసుకుని “సర్దుకుంటుందిలే” అని తిరిగి ఉంటే చివరికి కన్వర్టర్ కూడా మార్చవలసి వచ్చేది. దాని ధర ఎంతో కనుక్కుంటే మీకే తెలుస్తుంది.

ఇక మందు సంగతి. పాలీఈథర్ అమీన్ అనే రసాయనం ఉన్న సీసాలే కొనదగినవి. పొట్టిగా పీఈఏ అంటారు. ఇంజన్ లోపలి వేడికి తట్టుకుని మసిని బాగా కరిగించగలిగేది అది. సీసా మీద ఆ పేరు లేకుండా “మైలేజీ పెంచును, పికప్ పెంచును” అని మాత్రమే ఉంటే అక్కడే పెట్టేయండి. మా బావమరిది పాత కారు నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉంటే, ప్లగ్గులూ కాయిళ్లూ చూసిన తర్వాత, నిండు ట్యాంకులో ఇలాంటి సీసా ఒకటి పోసి హైవే మీద తిప్పాం. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణకడం తగ్గింది. అదీ దాని చోటు.

కొత్త టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వీపును తాకదు. అక్కడ పేరుకునేది ఇంజన్ ఆయిలు ఆవిరి తెచ్చే మసి. ట్యాంకులో పోసిన మందు ఆ వాల్వుల దగ్గరికి చేరే దారే లేదు. ఇంజెక్టర్ మొనలను శుభ్రం చేస్తే చేయవచ్చు. అలాంటి కారు యజమానికి “వాల్వులు శుభ్రపడతాయి” అని సీసా అమ్మేవారు ఆ ఇంజన్ బొమ్మనైనా చూసి ఉండరు.

ఇంకొకటి, ఈ ఇథనాల్ భయం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందని, దానికి విరుగుడని సీసాలు అమ్ముతున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ. అంటే కలపని పెట్రోలుతో పోలిస్తే ట్యాంకులో శక్తే 6, 7 శాతం తక్కువగా వస్తోంది. లేని శక్తిని ఏ సీసా తెస్తుంది? ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించడం తప్ప వేరే దారి లేదు.

మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. శుభ్రత బంకు దగ్గర మొదలవుతుంది. మనలో ప్రతి ఒక్కరూ మీటరు సున్నా మీద ఉందా అని వంగి వంగి చూస్తారు కానీ ఫిల్టర్ పేపర్ ఇవ్వమని ఒక్కరూ అడగరు. అడిగితే ఇవ్వడం బంకు బాధ్యత. నాజిల్ మొన తుడిచి, కాగితం మీద ఒక చుక్క వేయించండి. మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. మరక మిగిలితే కల్తీ అనుమానించాలి. సాంద్రత చూపమనీ అడగవచ్చు, హైడ్రోమీటరు, థర్మామీటరు అక్కడే ఉంటాయి. 15 డిగ్రీలకు సరిచేసి చూస్తే వాళ్లు నమోదు చేసిన అంకెకు, దీనికి తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల క్యానుతో పట్టి చూపమనండి. నేను అడిగినప్పుడల్లా వెనకవాళ్లు హారన్లు కొడతారు. కొట్టనివ్వండి. వాళ్ల ట్యాంకులోకి పోయేదీ అదే పెట్రోలు. ఉచితంగా గాలి పట్టవలసిన యంత్రానికి “పనిచేయడం లేదు” అని శాశ్వతంగా అట్ట తగిలించే బంకుల గురించి మొదలుపెడితే ఈ జవాబు ముగియదు.

అమెరికాలో 1995 నుంచి పెట్రోలులోనే మసిని కడిగే డిటర్జెంటు కలపడం తప్పనిసరి. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో పరీక్షించి చూస్తే, మెరుగైన డిటర్జెంటు ఉన్న పెట్రోలుతో పోలిస్తే మామూలు దానితో నడిచిన ఇంజన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేరుకుంది. అంటే మందు పనిచేయదని కాదు. కొద్దికొద్దిగా రోజూ ఇంధనంతో పాటు పోవాలి, సర్వీసు బిల్లులో ఏడాదికొకసారి కాదు. మీకు అంత కోరిక ఉంటే మన బంకుల్లో అదనపు మందు కలిపి అమ్మే ఖరీదైన పెట్రోలును అప్పుడప్పుడు పోయించుకోండి. డీజిల్ కారైతే ముందు ఫిల్టర్ అడుగున చేరిన నీటిని తీయించండి, వానాకాలంలో మరీ.

ఈసారి సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద సంతకానికి ముందు ప్రతి వరుసా చదవండి. క్లీనింగ్ అని ఉంటే కొట్టివేయించండి. వాదిస్తే, స్కానర్ కోడ్ కాగితం మీద చూపమనండి. మీ కారు ఏ సంవత్సరానిదో, టర్బోనో కాదో, అసలు కుదుపుగానీ మైలేజీ తగ్గుదలగానీ ఉందో కింద రాయండి. కుదుపూ తగ్గుదలా లేకుండా కారు బాగానే నడుస్తుంటే ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ మార్పించండి.