పల్లేరును సేకరించబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, బరంపురం నుండి పెదనాన్న ఆశీస్సులు.

గోపాల్‌పూర్ ఇసుక నేలల్లోని మొక్కలను ఎండబెట్టి, కాలేజీ ప్రాజెక్టు కోసం షీట్లకు అంటించాలనుకుంటున్నట్లు రాశావు. ముందుగా పల్లేరును తీసుకో. కాలికి గుచ్చుకున్నప్పుడు తిట్టుకోవడమే తప్ప దాని పువ్వును చూసినవారు మన ఇంట్లోనే తక్కువ.

వానలు పడ్డాక, ఉదయం పూటే వెళ్లు. ఐదు రేకుల పసుపు పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, ఎండ ముదిరాక రేకులు రాలిపోతాయి. టిఫిను ముగించి తీరిగ్గా బయలుదేరితే నీకు ముళ్లే మిగులుతాయి.

అక్కడ రెండు పల్లేర్లు కనబడవచ్చు. రెండింటికీ పసుపు పూలు, ముళ్ల కాయలు ఉండడం వల్ల చాలామంది పొరబడతారు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ట్రిబ్యులస్ టెర్రెస్ట్రిస్ అని పేరు పెట్టిన చిన్న పల్లేరు నేలకు అంటుకుని నలువైపులా పాకుతుంది. దాని ఆకు చింతాకులాగా చిన్న చిన్న రెక్కలతో ఉంటుంది, కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల్లో ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. పండిన కాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఏనుగు పల్లేరు ఆకు చీలికలు లేకుండా అంచున పళ్లతో ఉంటుంది, పువ్వు గొట్టంలా సాగుతుంది, కాయకు నాలుగు ముళ్లుంటాయి. ఇంకా అనుమానముంటే పచ్చి కొమ్మను గ్లాసు నీళ్లలో కాసేపు తిప్పి చూడు: నీళ్లు జిగురులా సాగితే అది ఏనుగు పల్లేరే.

వేరు తెగకుండా బొరిగతో లోతుగా తవ్వి, పువ్వూ కాయా రెండూ ఉన్న మొక్కనే తియ్యి. అసలు చిక్కు నొక్కడంలో ఉంది. కాయ ముళ్లు కాగితాన్ని చింపి, పక్కనున్న ఆకులను అణగనివ్వవు కాబట్టి కొన్ని కాయలు కోసి విడిగా చిన్న కాగితపు పొట్లంలో దాచు, మిగిలిన వాటి చుట్టూ దూది సర్ది పాత వార్తాపత్రికల మధ్య పెట్టు. సముద్రపు గాలికి బూజు త్వరగా పడుతుంది. మొదటి నాలుగు రోజులు పత్రికలను రోజూ మార్చు. షీటు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉంటే చాలు.

ఎండాక రంగు నిలవదు కనుక పువ్వు పసుపును అక్కడే పుస్తకంలో రాసుకో. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. నీకు ఫోనుంది గానీ, మిట్టమధ్యాహ్నపు ఎండలో అది పసుపును తెల్లగా చూపిస్తుంది. తేదీ, చోటు, నేల రకంతో పాటు పేర్లు కూడా రాయి: ఒడియావారు చిన్న పల్లేరును గోఖరా అంటారు, వారు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు ఏమంటారో నువ్వే అడిగి తెలుసుకో.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మం బయటే దులుపు. వాటికి గుచ్చుకున్న కాయ ముక్కల్లో విత్తనాలుంటాయి, మీ పెద్దమ్మ పెరట్లో చెప్పుల్లేకుండా తిరుగుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న