జాతుల పట్టిక కంటే ముందు తిండి లెక్క

విశాఖపట్నం

అల్లుడూ, ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన అంతరిక్ష సామ్రాజ్యాల కంప్యూటర్ ఆట ఆడాను. ఓడల యుద్ధాలు బాగా కుదిరాయి. ఇక ఒక్కో గ్రహం మీద నాలుగైదు జాతులు కలిసి బతకాలంటున్నావు. పెట్టు, కానీ ఉన్న జనాభా కోడ్‌కి జాతి పేరొకటి తగిలిస్తే సరిపోతుందనుకోకు.

నీ కోడ్‌లో గ్రహానికి ఒకటే జనాభా పరిమితి, అందరూ అందులోనే. ఒక జాతి టర్నుకి, అంటే ఆటలో ఒక్కో వంతుకి, 3 శాతం, ఇంకోటి 1 శాతం పెరుగుతుందనుకో. చెరో వెయ్యితో మొదలెడితే వంద టర్నులకి మొదటిది 19 వేలు దాటుతుంది, రెండోది 2,700 దగ్గరే ఉంటుంది. పరిమితి నిండాక అందర్నీ ఒకే దామాషాలో కోస్తున్నావు కాబట్టి నెమ్మది జాతి వాటా టర్ను టర్నుకీ కరిగి, చివరికి ఊరంతా ఒక్కటే జాతి! ఒకే వనరు మీద బతికే రెండు జాతుల్లో ఒకటే నిలుస్తుందని జీవశాస్త్రవేత్త గౌజ్ 1934లోనే చెప్పాడు. నీ ఆటలో బగ్ లేదు, సూత్రమే అంత.

కాబట్టి పోటీని వనరు మీద పెట్టు. ప్రతి జాతికీ ఏం తింటుంది, ఏ గాలి పీలుస్తుంది, ఎక్కడ ఉంటుంది అని రాసుకో. మీథేన్ పీల్చేవాడికి నీ గోధుమ పొలంతో పనేముంది? ఇద్దరికీ కావలసింది ఎంత కలిస్తే పోటీ అంత.

గొడవలదీ అదే దారి. ఫలానా జాతికి ఫలానా జాతి మీద ఇష్టం మైనస్ 20 అని పట్టిక వేశావు చూడు, అది తీసెయ్. ఆటగాడు చేసేదల్లా పడనివాళ్లని వేరే గ్రహానికి తరిమెయ్యడమే అవుతుంది. మన రేవులో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసి లాగే పెద్ద వలల) తగువు తెలుసు కదా, 2022 జనవరిలో పడవలే తగలబడ్డాయి. రెండు వైపులా ఉన్నది మత్స్యకారులే, మాట ఒకటే, సముద్రం ఒకటే. ఎవరి వల ఎంత చేప లాగేస్తోందన్నదే పేచీ. నీ గ్రహం మీద కూడా పని, ఇల్లు, తిండి తగ్గినప్పుడే కోపం పెరగాలి. జాతి తేడా దాన్ని కొంచెం ఎగదోస్తే చాలు.

వలసలు రెండు రకాలుగా రాయి. ఒకటి పని కోసం వచ్చేది: 1933లో పోర్టు తెరిచాక, తర్వాత షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు వచ్చాక ఈ ఊరికి జనం అలాగే చేరారు. ముందొచ్చినవాడు తమ్ముణ్ణి, బావమరిదిని పిలిపిస్తాడు కాబట్టి అక్కడ ఇప్పటికే ఉన్న సొంత జాతివాళ్ల సంఖ్యని ఆ గ్రహపు ఆకర్షణ లెక్కలో కలుపు. రెండోది ఉండలేక వచ్చేది. కంచరపాలెం వైపు, బర్మా వదిలి వచ్చినవాళ్ల బర్మా క్యాంప్ అలా వెలిసిందే. అలా వచ్చేవాళ్లు ఖాళీ ఉద్యోగాలు చూసి రారు, చోటున్నా లేకపోయినా ఒక్కసారే దిగుతారు. వీళ్లని వేరే ఫంక్షన్‌లో పెట్టు.

ఒక మనిషికి ఒక ఆబ్జెక్టు (కోడ్‌లో విడి నమోదు) మాత్రం వద్దు. గ్రహం, జాతి, వయసు కలిపి ఒక గుంపు, దానికో సంఖ్య. 200 గ్రహాలు, 12 జాతులు, 4 వయసులు వేసుకున్నా 9,600 గుంపులే. దానికి వృత్తి, మతం, మూడ్ కూడా అతికిస్తే లక్షల్లోకి పోతుంది, ఆఖర్లో ఒక్కో టర్నుకి ఆటగాడు టీ తాగొస్తాడు. సంకర జాతులు ఇప్పుడే ముట్టుకోకు. 12 జాతుల్లో జంటలే 66.

చిన్న గుంపుల్లో దశాంశాలు పారెయ్యకు. ముగ్గురికి 2 శాతం పెరుగుదల అంటే 0.06, దాన్ని సున్నా చేస్తే వాళ్లెప్పటికీ ముగ్గురే. మిగులుని దాచి తర్వాతి టర్నుకి కలుపు. వలసలో వెళ్లేవాళ్లందర్నీ టర్ను మొదట్లోని లెక్కతో ముందు తేల్చు, తర్వాత ఒకేసారి దించు. లేకపోతే మొదటి గ్రహంనుంచి రెండోదానికి వెళ్లినవాడు అదే టర్నులో మూడోదానికీ పోతాడు. నీ కోడ్‌లో ఇది ఇప్పటికే జరుగుతోంది, లాగ్ తీసి చూసుకో.

స్క్రీన్ల జోలికి పోకముందు మనిషి చెయ్యి లేకుండా 500 టర్నులు నడిపి, అంకెలు ఫైల్లోకి రాయించు. ప్రతి గుంపుకీ పుట్టినవాళ్లు, చచ్చినవాళ్లు, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు కలిపి చూస్తే మొత్తం మార్పుకి సరిపోవాలి. ఒక్కడు తేడా వచ్చినా ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేలా పెట్టు. వయసు మారితే ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి వెళ్లడమే, దాన్నీ ఆ లెక్కలో రాయి.

సేవ్ ఫైల్‌కి ఇవాళే వెర్షన్ నంబరు వెయ్యి. పాత సేవ్‌ల్లో జాతి లేదు కాబట్టి అవి తెరిచినప్పుడు జనాన్నంతా ఆ సామ్రాజ్యపు మొదటి జాతి కిందే చూపించు.

మీ మావయ్య