బోల్టు బిగించేది బరువు నేల మీద ఉన్నప్పుడే

చి. బుజ్జమ్మకు ఆశీస్సులు.

నీ స్విఫ్ట్‌కి కారు ఎత్తు తగ్గించే కాయిలోవర్లు, అదే ఎత్తు సర్దుకునే స్ప్రింగు షాక్ సెట్లు, తెప్పించావనీ, ఈ ఆదివారం అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నువ్వే ఎక్కించుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో పానా పట్టే చెయ్యి ఇంకొకటి వచ్చిందని ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టేసిన కాసేపటికి అంత బెంగా పట్టుకుంది.

ముందు ఒక్క మాట విను. జాకీ ఉన్నది కారును ఎత్తడానికి, ఎత్తిన కారును మోయడానికి కాదు. నాలుగు స్టాండ్లు లేకుండా పని మొదలుపెట్టకు. విప్పిన చక్రాన్ని సిల్ (తలుపు కింది అంచు) కింద పడుకోబెట్టు, స్టాండు జారినా కారు నీ మీదికి రాదు. సిమెంటు ఇటుకలు పెట్టావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను. ఇటుక చెప్పి పగలదు తల్లీ. ఇంకోటి, పాత స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉన్న కాలు) పైన నడిమి నట్టు. స్ప్రింగును నొక్కి పట్టకుండా దాన్ని విప్పితే లోపలున్న బలమంతా మొహం మీదికి వస్తుంది. పాత టాప్ మౌంట్ (స్ట్రట్‌ని బాడీకి పట్టే పై ముక్క) తీసి కొత్తదానికి మార్చాల్సి వస్తే, ఆ ఒక్క పనీ స్ప్రింగు ప్రెస్ ఉన్న షెడ్డులో చేయించుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

విప్పడం, ఎక్కించడం నీకు వచ్చు. ఎక్కించాక స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు ఎక్కడా లాగుకుపోవడం లేదని, టైరుకి తగలడం లేదని చూసుకో.

ఎంత దించాలంటావా? 25, మహా అయితే 30 మి.మీ. దగ్గర ఆగు. నీ కారుకి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ, మోడల్‌ని బట్టి 163 నుంచి 170 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 100 మి.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, కానీ కాలనీల్లో పోసుకున్నవి చాలావరకు ఇరుగ్గా, నిటారుగా ఉంటాయి. వెనక ముగ్గురు కూర్చుంటే క్లియరెన్స్ ఇంకా తగ్గుతుంది. దానికి తోడు మీ సెల్లార్ ర్యాంపు. దించాల్సినంత ఎత్తుకి అట్టముక్క కత్తిరించి బంపర్ కింద టేపుతో వేలాడదీసి, ర్యాంపు ఎక్కి దిగి చూడు. అట్ట మడత పడిందంటే రేపు మడత పడేది బంపరే.

కంటికి కనపడని కారణం ఇంకొకటి ఉంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగు చట్రానికి కలిపే కింది చెయ్యి) మామూలుగా చక్రం వైపుకి కొంచెం కిందికి వాలి ఉంటుంది. మరీ దించితే చక్రం వైపు కొస పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, కారు దిగినదానికన్నా ఎక్కువగా కిందికి పోతుంది. గట్టి స్ప్రింగు వేసి కూడా మలుపులో కారు మునుపటికన్నా ఎక్కువ ఒరిగేది అందుకే. ఆర్మ్ నేలకి సమాంతరంగా వచ్చిందంటే అదే నీ హద్దు.

కొలతకి ముందు నాలుగు టైర్లలో గాలి సమానంగా పెట్టు, డ్రైవర్ సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టు. ఎత్తును నేల నుంచి కొలవకు, చక్రం నడిమధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచుకి కొలువు. అలా కొలిస్తే టైరులో గాలి తేడా లెక్కలోకి రాదు. జాకీ దించగానే కొలిస్తే తప్పు వస్తుంది. వేలాడిన చక్రాలు లోపలికి ముడుచుకుని ఉండి కారు ఎత్తుగా నిలబడుతుంది. పదడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, బానెట్‌ని రెండు సార్లు అదిమి వదిలాక కొలువు. సెల్లార్ నేల నీళ్లు పోవడానికి వాలుగా పోసి ఉంటుంది కాబట్టి, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు పెట్టి నాలుగు చక్రాల చోట్లా చూడు. తగ్గిన చోట టైరు కింద టైల్సు ముక్కలు వెయ్యి.

ముందు స్ట్రట్‌లో మర పిచ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) 2 మి.మీ. ఉంటే, ఒక చుట్టు తిప్పితే చక్రం దగ్గర దాదాపు 2 మి.మీ. తేడా వస్తుంది. వెనక స్ప్రింగు ఇరుసుకి కాస్త ముందు కూర్చుంటుంది కాబట్టి తిప్పినదానికన్నా చక్రం దగ్గర ఎక్కువ మారుతుంది. కొంచెం కొంచెంగా తిప్పు.

ఇప్పుడు అసలు సంగతి. కాగితం తీసుకుని కూర్చుంది ఇందుకే.

నా చేతి కింద పాడైన కారు ఒకటి, 2009 స్విఫ్ట్. స్ప్రింగులు మార్చి, లోయర్ ఆర్మ్‌లు కొత్తవి వేశాను. కారు లిఫ్టు మీద, చక్రాలు కిందికి వేలాడుతూ ఉండగానే బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాను. ఆర్మ్ బుష్ అంటే లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య అతికించిన రబ్బరు. బోల్టు బిగియగానే లోపలి గొట్టం ఇంజను కింది అడ్డచట్రం, అదే క్రాస్ మెంబర్‌కి పట్టుకుపోతుంది, బయటిది ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. మధ్యలో రబ్బరు జారదు, మెలి పడుతుంది. బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉంటే రబ్బరుకి అదే ఊపిరి పీల్చుకునే చోటు. 350 మి.మీ. ఆర్మ్ కొసన చక్రం 90 మి.మీ. కిందికి వేలాడుతుంటే అది దాదాపు 15 డిగ్రీలు. కారు నేల మీదికి దిగిన నిమిషం నుంచీ ఆ రబ్బరు 15 డిగ్రీల మెలికలోనే బతకాలి.

మెలిపడ్డ రబ్బరు తానూ ఒక స్ప్రింగులా కారును పైకి పట్టింది. ఎత్తు సరిగ్గా ఉందనుకుని, దాని మీద కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించి పంపాను. మూడు వారాలకి రబ్బరు అలిసిపోయి ఎడమ 7 మి.మీ., కుడి 4 మి.మీ. దిగింది. ఎత్తు మారితే టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా, మారుతుంది, ఎందుకంటే టై రాడ్డు (స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), ఆర్మ్ ఒకే చాపం మీద తిరగవు. కారు తిరిగి వచ్చేటప్పటికి ముందు టైర్ల లోపలి అంచు అరిగి నున్నగా ఉంది, బయటి వైపు గాట్లు మాత్రం కొత్త టైరులాగే ఉన్నాయి. బయట నిలబడి చూస్తే ఏమీ తెలియదు. బుష్ రబ్బరు అంచున వేలుగోరు దూరేంత చీలిక. బ్రేకు వేస్తే ఆ చీలిక తెరుచుకుని ఆర్మ్ వెనక్కి జరిగేది, కారు ఒక పక్కకి లాగేది. అందులో వెనక సీట్లో పిల్లలు కూర్చుని తిరిగారు. ఇవాళ్టికీ ఆ ముక్క తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

కాబట్టి గాలిలో ఉన్నప్పుడు ఆ నట్లు చేత్తో పట్టేంత వరకే. చక్రాలు వేసి, రెండు టైర్ల కింద టైరు కన్నా వెడల్పైన చెక్క పలకలు పెట్టి, బరువంతా చక్రాల మీదికి దించి, కారును కదిపి, ఎత్తు చూసుకుని, అప్పుడు సర్వీసు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించు. వెనక బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే దూలం) బుష్‌లు విప్పి ఉంటే వాటికీ ఇదే. ఎత్తు మళ్లీ మార్చిన ప్రతిసారీ ఆ నట్లు వదులు చేసి, బరువు మీద మళ్లీ బిగించాలి. ఎంత విసుగనిపించినా చెయ్యి.

ఆ తర్వాతే అలైన్‌మెంట్. క్యాంబర్ (చక్రం పైభాగం ఒరిగిన కోణం, లోపలికైతే మైనస్) ముందు, టో ఆఖరున, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో కదులుతుంది. ముందు చక్రాలకి క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ దాకా వచ్చినా ఫర్వాలేదు, కుడి ఎడమల తేడా అర డిగ్రీ దాటకూడదు. లోపలి అంచు తినేస్తోందని అందరూ క్యాంబర్‌నే తిడతారు గానీ, టైరును వేగంగా తినేది టో.

టో నువ్వే చూసుకోవచ్చు. మేస్త్రీలు లైను కట్టే నైలాన్ దారం కారుకి రెండు వైపులా, చక్రం మధ్య ఎత్తులో లాగి కట్టు. ముందు చక్రాల మధ్యభాగాల నుంచి దారానికి కుడి ఎడమలు సమానం, వెనక చక్రాలకీ అలాగే సమానం చెయ్యి. స్టీరింగు నిటారుగా కట్టేసి, టైర్ల కింద గ్రీజు పూసిన రెండేసి నున్నని రేకులు పెట్టు. స్టీలు స్కేలుతో రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలువు. ముందు అంచు దూరంగా ఉంటే టో ఇన్. 15 అంగుళాల రిమ్ముకి 1 మి.మీ. తేడా అంటే దాదాపు 0.14 డిగ్రీలు. రెండు చక్రాలవీ కలిపి సున్నా నుంచి 1 మి.మీ. టో ఇన్ మధ్యలో పెట్టు. టై రాడ్లు రెండూ సమానంగా తిప్పాలి, లాక్ నట్టు మరిచిపోకు.

200 కిలోమీటర్లు తిరిగాక ఎత్తు మళ్లీ కొలిచి, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకో. అందులో థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు కారును నెట్టే దిక్కు నడిమి గీతకి ఎంత వంకరో) సున్నాకి దగ్గరగా ఉందా చూడు. వెనక బీమ్‌కి సర్దుబాటు ఉండదు, తేడా ఉంటే షిమ్ములే (మధ్యలో పెట్టే పలచని రేకులు) గతి. ముందు షాక్ రాడ్డుకి చిన్న కేబుల్ టై బిగించి నాలుగు రోజులు తిరుగు. అది ఎంత పైకి జరిగిందో చూస్తే బంప్ స్టాపుకి (షాక్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరుకి) ఎంత ఖాళీ మిగిలిందో తెలుస్తుంది. స్టాపు మీదే పడుతూ ఉంటే 5 మి.మీ. పైకి ఎత్తెయ్యి. హెడ్‌లైట్ల గురి కూడా గోడ మీద చూసుకో.

పాత స్ప్రింగులు పారెయ్యకు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీ వివరాలకి తేడా వచ్చేలా మార్చనివ్వదు. ఆర్టీఏలో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి పెట్టు.

నా టార్క్ రెంచి, రెండు స్టాండ్లు ఆర్టీసీ కార్గోలో వేశాను, శుక్రవారానికి అందుతాయి. మిగతా రెండు స్టాండ్లు నువ్వు కొను. పని అయ్యాక రెంచిని స్కేలులో అన్నిటికన్నా తక్కువ అంకెకి తిప్పి పెట్టు. ఆదివారం బోల్టులు బిగించే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి, ఎంత పొద్దునైనా సరే.

మామయ్య