చర్చిల్ డ్యూక్ ఎందుకు కాలేదు? కొడుకులు లేకపోతే డ్యూక్ బిరుదు కూతురికి వస్తుందా?

మీ ప్రశ్న: "చర్చిల్ డ్యూక్ మనవడు కదా, మరి ఆయన డ్యూక్ ఎందుకు కాలేదు? కొడుకులు లేని డ్యూక్ బిరుదు ఎవరికి పోతుంది?"

నేను ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా దగ్గర్లోనే వుడ్‌స్టాక్‌లో ఉన్న మార్ల్‌బరో డ్యూకుల ఇల్లు, బ్లెనిమ్ ప్యాలెస్ చూపిస్తాను. చర్చిల్ పుట్టిన గదిలోకి వెళ్లగానే మా పిన్ని నుంచి స్నేహితుల పిల్లల దాకా అందరూ అడిగేది ఇదే.

డ్యూక్ అంటే బ్రిటన్ ప్రభువుల బిరుదుల్లో అన్నిటికంటే పెద్దది. చర్చిల్ తండ్రి లార్డ్ రాండాల్ఫ్ 7వ డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో కొడుకే, కానీ పెద్దకొడుకు కాదు. ఈ బిరుదు అన్నదమ్ములు పంచుకునే ఆస్తి కాదు, ఒక్కరికే వెళ్తుంది. 1883లో 7వ డ్యూక్ పోయాక పెద్దకొడుక్కి, 1892లో ఆయన కూడా పోయాక ఆయన కొడుకు చార్లెస్‌కి వచ్చింది. చార్లెస్‌కి అప్పటికి పెళ్లి కాలేదు. అందుకని తర్వాతి వరుస బాబాయి రాండాల్ఫ్‌ది. 1895 జనవరిలో రాండాల్ఫ్ చనిపోవడంతో ఆ వరుస ఆయన కొడుకు విన్‌స్టన్‌కి, అంటే మన చర్చిల్‌కి వచ్చింది. అదే ఏడాది చార్లెస్ అమెరికా సంపన్నుల ఇంటి అమ్మాయి కాన్సువెలో వాండర్‌బిల్ట్‌ను పెళ్లాడాడు. కొత్త కోడలిగా వచ్చిన తనతో చార్లెస్ నాయనమ్మ, ముందు నువ్వు కొడుకుని కనాలి, ఆ విన్‌స్టన్ డ్యూక్ కాకూడదు అని చెప్పిందని కాన్సువెలో తర్వాత రాసుకుంది. ఆ పెద్దావిడ విన్‌స్టన్‌కి కూడా సొంత నాయనమ్మే! 1897 సెప్టెంబరులో కొడుకు పుట్టాడు, విన్‌స్టన్ వెనక్కి జరిగాడు.

నన్ను బాగా ఆలోచింపజేసేది ఈ ఘట్టమే. చార్లెస్ 1934లో చనిపోయాడు. ఆయనకి కొడుకులు పుట్టకపోయి ఉంటే ఆ ఏడు చర్చిల్ డ్యూక్ అయి, ప్రజలు ఎన్నుకునే సభ అయిన కామన్స్ వదిలి ప్రభువుల సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌కి వెళ్లాల్సి వచ్చేది. వచ్చిన బిరుదును వదులుకునే చట్టం 1963 దాకా లేదు. 1940లో ప్రధాని పదవికి చర్చిల్‌తో పాటు పేరు వినిపించిన అప్పటి విదేశాంగ మంత్రి లార్డ్ హాలిఫాక్స్ వెనక్కి తగ్గడానికి ఆయన లార్డ్స్ సభ్యుడు కావడం కూడా ఒక కారణం. అదే అడ్డంకి చర్చిల్‌కి కూడా ఎదురయ్యేది. తర్వాత 1955లో ఆయనకే విడిగా డ్యూక్ బిరుదు ఇస్తామన్నా చర్చిల్ వద్దన్నారు.

ఇక కూతుళ్ల సంగతి. నాకు ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి ఈ భాగం కాస్త శ్రద్ధగా చదివాను. బిరుదు ఎవరికి వెళ్లాలో మొదట దాన్ని ఇచ్చినప్పుడు రాసిన రాజాజ్ఞా పత్రమే తేలుస్తుంది. ఎక్కువ పత్రాల్లో మగ సంతానానికి, వాళ్ల మగ సంతానానికి అనే ఉంటుంది. కూతుళ్లు ఎంతమంది ఉన్నా బిరుదు తమ్ముడికో, అన్న కొడుక్కో, ఎక్కడో దూరపు దాయాదికో పోతుంది. మొదటి గ్రహీత మగ సంతతిలో ఎవరూ మిగలకపోతే అంతరించిపోతుంది.

మార్ల్‌బరో బిరుదు మాత్రం దీనికి మినహాయింపు. 1702 డిసెంబరులో జాన్ చర్చిల్‌ను డ్యూక్ చేశారు. మూడు నెలలు తిరక్కుండానే ఆయనకి మిగిలిన ఒక్క కొడుకూ కేంబ్రిడ్జిలో మశూచితో పోయాడు. ఇంత పెద్ద సేనానికి ఇచ్చిన బిరుదు ఆయనతోనే ఆగిపోకూడదని 1706లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం బిరుదు కూతుళ్లకూ, వాళ్ల సంతతికీ వెళ్లొచ్చు. 1722లో ఆయన పోయాక పెద్దకూతురు హెన్రియెటా డ్యూక్ భార్యగా కాదు, తన సొంత హక్కుతో డచెస్ అయింది. ఆమె కొడుకు ఆమె కంటే ముందే పోవడంతో 1733లో బిరుదు చెల్లెలు ఆన్ కొడుకు చార్లెస్ స్పెన్సర్‌కి వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన మార్ల్‌బరో డ్యూకులంతా ఆ ఆడపిల్ల వంశమే. ప్రిన్సెస్ డయానా పుట్టింటివాళ్లు ఈ చార్లెస్ స్పెన్సర్ తమ్ముడి వంశం.

మనకు తెలిసిన ఇంకో పేరు మౌంట్‌బాటన్. ఆయనకి ఇద్దరూ కూతుళ్లే. బిరుదు పత్రంలోనే కూతురికి వెళ్లేలా రాయించారు కాబట్టి 1979లో ఆయన హత్య తర్వాత పెద్దమ్మాయి పట్రీషియా కౌంటెస్ (ఆయనకున్న ఎర్ల్ బిరుదుకు స్త్రీ రూపం) అయ్యారు. 2017లో ఆమె పోయాక బిరుదు ఆమె కొడుక్కి వచ్చింది.

రాజకుటుంబంలో అక్కని దాటి తమ్ముడు ముందుకు రాకుండా 2013లో చట్టం మార్చారు. ప్రభువుల బిరుదులకు ఆ మార్పు వర్తించలేదు. నా దృష్టిలో ఇది అన్యాయమే. రాణి కాగలిగిన దేశంలో కూతురు డచెస్ ఎందుకు కాకూడదు?

ఇక వీలునామా రాసి బిరుదును ఎవరికైనా ఇవ్వొచ్చా అంటే, కుదరదు. 1990లలో 11వ డ్యూక్ బ్లెనిమ్ ఎస్టేట్ నేరుగా కొడుకు చేతికి వెళ్లకుండా కోర్టు ద్వారా ట్రస్టీల ఏర్పాటు చేయించారు. బిరుదును మాత్రం ఎవరూ ఆపలేరు. 2014లో ఆయన పోగానే ఆ కొడుకే 12వ డ్యూక్ అయ్యారు. మన జమీందారీల్లో దత్తపుత్రుడు గద్దె ఎక్కేవాడు గానీ, ఇక్కడ దత్తత తీసుకున్న పిల్లలకి బిరుదు రాదు.