ఆక్రమణా, నివాసమా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ సంఘం వారు లిఫ్టు పక్కన అంటించిన కాగితంలో ‘ఆక్రమణ ధ్రువపత్రం ఇంకా రాలేదు’ అని ఉంది. ‘నివాస ధ్రువపత్రం’ అనాలని మా అబ్బాయి అంటాడు. ఏది ఒప్పు? ‘ప్రమాదకర భవనం’ అంటే కూలబోయేదా, మందుగుండు దాచేదా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ కాగితం చదివితే మీరంతా చెరువు కబ్జా చేసి ఇల్లు కట్టుకున్నారని ఎవరైనా అనుకుంటారు. అది ‘ఆక్యుపెన్సీ సర్టిఫికెట్’కు, అంటే కట్టిన భవనాన్ని ఇక వాడుకోవచ్చని అధికారులిచ్చే ‘ఓసీ’కి, చేసిన అనువాదం. ‘ఆక్యుపెన్సీ’కి లాటిన్ మూలంలో పట్టుకోవడమనే అర్థం ఉన్నమాట నిజమే. అంతమాత్రాన మూలధాతువును తెచ్చి గోడకు అంటిస్తామా? మీ అబ్బాయి చెప్పిన నివాస ధ్రువపత్రం తహసీల్దారు ఇచ్చేది, వేరే కాగితం. పైగా సినిమా హాల్లో, కల్యాణమండపంలో ఎవరు నివసిస్తారు? వాటికీ ఆక్యుపెన్సీ ఉంది.

ఇక్కడ అసలు ప్రశ్న, కట్టడం ఎందుకు వాడతారన్నది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి కట్టడాలను వాడుకను బట్టి ‘ఎ’ నుంచి ‘జె’ దాకా తొమ్మిది వర్గాలు చేసింది (‘ఐ’ వదిలేశారు). లాడ్జి నివాసాల కిందికే వస్తుంది. ఆసుపత్రీ జైలూ ఒకే వర్గం! నవ్వకండి. నిప్పంటుకుంటే రెండు చోట్లా లోపలివాళ్లు తమంతట తాము బయటపడలేరు. ఫ్యాక్టరీలను మళ్లీ అపాయం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడుగా విడగొట్టారు. ఇవి కాక, మంటకు ఎంతసేపు ఓర్చుకుంటుందన్న లెక్కన కట్టుబడి నాలుగు రకాలు.

ఈ రెండు లెక్కలూ తెలుగుకు కొత్త కాదు. వంటిల్లు, పురిటిల్లు అన్నప్పుడు వాడుక చెబుతున్నాం. పెంకుటిల్లు, పూరిల్లు అన్నప్పుడు దేనితో కట్టారో చెబుతున్నాం. (పూరి అంటే గడ్డి. టిఫిను కాదు.) ‘ఇల్లు’ అన్న ఒక్క మాట రెండు పనులూ చేస్తుంది, ఎవరూ తికమక పడరు.

ఇక నన్నయ దగ్గరికి వెళ్లక తప్పదు. ఆదిపర్వంలోని లక్కయిల్లు చూడండి. సమాసం కట్టుబడిని చెబుతోంది, వాడుకను దాచింది. వాడుక లెక్కన అది రాజకుమారుల విడిది, నేటి నియమావళిలో ‘ఎ’ వర్గం. గోడల్లో చూస్తే లక్క, నెయ్యి. ధర్మరాజు వాసన పట్టాడు. మనకు తెలిసిన మొదటి ఫైర్ తనిఖీ అదే అంటాను. రెండో దారి లేని ఇంటికి విదురుడు పంపిన మనిషి సొరంగం తవ్వి దారి చేశాడు. మరో ముచ్చట: విదురుడు ముందే చేసిన హెచ్చరిక చుట్టూ ఉన్నవాళ్లకు అంతుపట్టని మాటల్లో సాగింది. మన నోటీసులు రాసేవాళ్లూ ఆ పద్ధతే పట్టారు గానీ, ఇక్కడ ధర్మరాజుకు కూడా అర్థం కాదు.

‘ప్రమాదం’ సంగతి. సంస్కృతంలో దానికి ఏమరుపాటు అని అర్థం. తెలుగులో జరిగిపోయిన కీడుకూ, పొంచి ఉన్న ముప్పుకూ స్థిరపడింది. ‘ప్రమాదకర భవనం’ అంటే మనవాళ్లకు గోడలు బీటలువారిన పాత మేడే కళ్లకు కడుతుంది. నియమావళి ఇంగ్లిషులో ‘హజార్డస్’ అని ‘జె’ వర్గం చేసింది లోపలి సరుకును చూసి: పేలేవి, భగ్గున మండేవి, విషం చిమ్మేవి. గోడలు నిక్షేపంలా ఉండవచ్చు. దాన్ని ‘అపాయకర సరుకున్న కట్టడం’ అంటే మేలు. కాస్త పొడవే, అయినా బతికుంటారు.

‘ఆక్యుపెన్సీ’కి నా ఓటు ‘వినియోగ వర్గం’. ధ్రువపత్రం విషయంలో మాత్రం పట్టుపట్టను. ‘వినియోగ అనుమతి పత్రం’ అనవచ్చు, కాకపోతే అందరూ ‘ఓసీ వచ్చిందా?’ అనే అడుగుతున్నారు, అందులో అపార్థం లేదు. ‘ఆక్రమణ’ను మాత్రం ఇవాళే చింపించండి.