ఫిలాసఫీ చదివితే జైలుకే అని భయపడుతున్న నాన్నగారికి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్, మార్కులు బాగానే వస్తాయి. ఇప్పుడు బీటెక్ వద్దు, ఫిలాసఫీలో బీఏ చేస్తా అంటోంది. ఆలిస్ వోయినెస్కు అని ఎవరో రొమేనియా ఆవిడ గురించి చదివిందట, ఆవిడలా అవుతుందట. నేను గూగుల్‌లో చూస్తే ఆవిడ చివరికి జైలుకెళ్లిందని ఉంది. సీఎస్ఈ ఏఐలో మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కడదామనుకుంటున్నా. రెండూ పోల్చి చెప్పండి. ఫిలాసఫీ చదివిన పిల్లకి రేపు సంబంధాలెలా వస్తాయి? – ఖమ్మం నుంచి ఒక తండ్రి

సర్, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల నుంచి ఏటా ఈ ప్రశ్నే వస్తుంది, సబ్జెక్ట్ పేరు మారుతుంది అంతే. అడిగేది కోర్సు గురించి, లోపలున్న భయం మాత్రం రేపు మనం లేకపోతే ఈ పిల్ల ఎలా బతుకుతుంది అని. దానికే జవాబు చెప్తా.

జైలు అన్న ఒక్క ముక్క చూసి ఫోన్ పక్కన పడేశారు కదా, అసలు కథ వినండి. ఆలిస్ 1885లో తుర్ను సెవెరిన్‌లో పుట్టింది, దాన్యూబ్ ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. నాన్న లాయరు, పారిస్‌లో లా డాక్టరేట్ చేసినాయన. అమ్మ వైపు చుట్టరికం పెట్రాకె పోయెనారుతో, 1827లో ఫౌంటెన్ పెన్నుకి ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నది ఈయనే. అంటే చదువుకి డబ్బు, తోడు రెండూ ఉన్న ఇల్లు, ఇది మీ అమ్మాయి కూడా గుర్తుపెట్టుకోవాలి. బుకారెస్ట్‌లో డిగ్రీ చేసి, జర్మనీ వెళ్లి, మార్‌బుర్గ్‌లో హెర్మన్ కోహెన్ అనే ప్రొఫెసర్ దగ్గర జర్మన్ తత్వవేత్త కాంట్ రచనలు చదువుకుని, 1913లో పారిస్ సోర్బాన్‌లో డాక్టరేట్ తెచ్చుకుంది. రొమేనియా ఆడవాళ్లలో ఫిలాసఫీ డాక్టరేట్ మొట్టమొదట ఆవిడదే.

మరి అంత చదివాక ఉద్యోగం? ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవాలి. యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్ కుర్చీ ఆవిడకి ఎప్పుడూ దక్కలేదు. 1922 నుంచి 1948 దాకా బుకారెస్ట్ కన్సర్వేటరీలో, అంటే సంగీతం, నటన నేర్పే చోట, రంగస్థల చరిత్ర, ఈస్తటిక్స్ (అందం, కళల గురించిన ఫిలాసఫీ) చెప్పింది. జీతం వచ్చింది నాటకం పాఠాల మీద, ఆ పాఠాలకి బలం వచ్చింది ఫిలాసఫీ నుంచి. మధ్యలో ఫ్రెంచ్ ఆలోచనాపరుడు మాంటేన్ మీద పుస్తకం (1936), అప్పటి నాటకరంగం మీద వ్యాసాలు (1941), ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ మీద ఇంకోటి (1946). 1925 నుంచి ఫ్రాన్స్‌లో పొంతిన్యి అనే చోట రచయితలు, ఆలోచనాపరులు కూడే సమావేశాలకి వెళ్లేది, ఆంద్రే జీద్, రోజే మార్తెన్ ద్యూ గార్ లాంటి వాళ్లతో కూర్చుని మాట్లాడేది. ఇది ఫెయిల్ అయిన కెరీర్ అంటారా మీరు?

జైలు సంగతి. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక 1948లో బలవంతంగా రిటైర్ చేయించారు, 1951లో అరెస్టు, జిలావా, గెంచా జైళ్లలో 19 నెలలు, ఆ తర్వాత కొస్తెష్తి అనే పల్లె దాటి పోకూడదని 1954 దాకా కట్టడి. ఆ రోజుల్లో అక్కడ ఇంజనీర్లూ జైలుకెళ్లారు సర్, డాక్టర్లూ, రైతులూ వెళ్లారు. బీటెక్ కాపాడేది కాదు.

ఇక సంబంధాల ప్రశ్న, దీనికి కొంచెం కోపం వచ్చింది, ఏమనుకోకండి. ఆలిస్‌కీ సంబంధం వచ్చింది, మంచి పేరున్న లాయరు, 1915లో పెళ్లి. ఆ కాపురం సుఖంగా సాగలేదు, 1929లో మొదలుపెట్టిన డైరీలో ఆ బాధ కనిపిస్తుంది. పిల్లలు లేరు, ఊహించుకున్న కొడుక్కీ కూతురికీ ఉత్తరాలు రాసుకుంది, అవి ఆవిడ పోయాక ఎప్పుడో 1994లో పుస్తకంగా వచ్చాయి. అంత కష్టంలోనూ పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక క్లాసు, తనదంటూ ఒక జీతం ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్ల కోర్సుని పెళ్లిచూపుల కోసం ఎంచుతారా మీరు? ఆ పిల్ల వినేట్టు ఈ మాట అనలేదు కదా?

ఇప్పుడు మీ సీఎస్ఈ ఏఐ. నా అనుమానం ఓపెన్‌గా చెప్తా. కంప్యూటర్ల మీద ఇష్టం ఉండి, మంచి కాలేజీలో సీటొస్తే భేషుగ్గా చేరొచ్చు. కానీ చాలా చోట్ల జరిగేది ఏంటంటే బ్రాంచి పేరులో ఏఐ తగిలిస్తారు, లెక్చరర్లు వాళ్లే, ల్యాబ్ అదే, బోర్డు మార్చిన హోటల్లో పాత సాంబారే. ఆ ఏఐ బాగా తెలిసిన మాస్టారు ఆ కాలేజీలో ఎంతమంది ఉన్నారో వెళ్లి అడిగారా? పాసైన పిల్లలు ఇద్దరితో విడిగా మాట్లాడారా? అడ్వాన్స్ గురించి మాత్రం మాట్లాడారు. ఇష్టం లేని పిల్లని పంపితే బ్యాక్‌లాగ్స్, ఆ తర్వాత అదే బ్యాంక్ కోచింగు, ఇది నేను చూస్తూనే ఉన్నా.

అలాగని అమ్మాయి చెప్పేదంతా ఒప్పుకోమనట్లేదు. లక్షలకి లక్షలు ఫీజు ఉండే ప్రైవేట్ లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీకి అప్పు చేసి పంపొద్దు. ఢిల్లీలో గవర్నమెంట్ కాలేజీలో బీఏ ఆనర్స్, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ, ఇలా తక్కువ ఖర్చుతో దారి ఉంది. వాటి ఎంట్రన్స్ పరీక్ష సీయూఈటీ వివరాలు మీ అమ్మాయికే నాకంటే బాగా తెలుస్తాయి, వదిలేస్తున్నా. ఫిలాసఫీ లెక్చరర్ పోస్టులు తక్కువ, అది నిజం, అందుకే పక్కన ఇంకోటి పట్టుకోవాలి. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు, సివిల్స్‌ పరీక్షకి ఫిలాసఫీనే ఆప్షనల్ సబ్జెక్టుగా తీసుకోవచ్చు. పోలిక అడిగారు, ఇంతకంటే పట్టిక గీయను, మీ పిల్లని పక్కన పెట్టి కోర్సుల్ని పోల్చి లాభం లేదు.

ఒక పని చేయండి. ఆలిస్ జర్మన్ గురువు దగ్గర చదివి థీసిస్ ఫ్రెంచ్‌లో రాసింది. ఇంటర్ ఎగ్జామ్స్ అవగానే మీ అమ్మాయిని జర్మనో ఫ్రెంచో ఒక బిగినర్ కోర్సులో చేర్చండి, అడ్వాన్స్‌లో చిన్న ముక్క కూడా ఖర్చవదు. ఎండల్లో రెండు నెలలు మానకుండా వెళ్లిందంటే బీఏ ఫారం మీరే దగ్గరుండి నింపించండి. మధ్యలో మానేస్తే నాకు రాయండి, అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడదాం.